ఆరోగ్యం బాగుండనందున

మా షాపులో పదకొండు మందికి జ్వరాలు రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుందని పేరు. నారాయణపేట బజారులో మాది చీరల దుకాణం. మాది అంటే సేటుది. నేను అందులో చీరలు విప్పి చూపించే మనిషిని. అక్కడ ఎవరికి సెలవు కావాలన్నా ముందు ఒక కాగితం రాసి పెట్టాలి. మేనమామ కొడుకు పెళ్లికి పోయేవాళ్లూ, జాతరకు పోయేవాళ్లూ, ఊరికే ఇంట్లో పడి నిద్రపోవాలనిపించినవాళ్లూ అందరూ నా దగ్గరికే వచ్చేవారు. "అక్కా, జర రాసియ్యవా" అనేవారు. "ఆరోగ్యం బాగుండనందున రెండు దినములు సెలవు మంజూరు చేయగలరని ప్రార్థన" అని రాసిచ్చేదాన్ని. బడిలో మాకు నేర్పిన సెలవు చీటీ అదొక్కటే. పెళ్లికని రాస్తే సెలవు దొరకదని కాదు. కాగితం మీద ఏదో ఒక రోగం ఉంటేనే అది సెలవు చీటీ అవుతుందని అందరికీ ఒక నమ్మకం. సేటు అయితే చదివేవాడే కాదు. కింద సంతకం ఉందో లేదో చూసుకుని ఫైల్లో పెట్టేవాడు.

ఇంతమందికి ఇన్ని రోగాలు రాసినదాన్నే గానీ, నన్ను ఎవరైనా రోగిష్టి అంటే నాకు ఒళ్లు మండుతుంది. కారణం నా ఎడమ కాలు. రెండో ఏట పోలియో వచ్చి అది పెరగడం మానేసింది. తొడ నుంచి మడమ దాకా ఇనుప కడ్డీలు, వాటికి తోలు పట్టీలు, అడుగున ఒక బరువైన నల్ల బూటు. క్యాలిపర్ అంటారు దాన్ని. తొడుక్కుంటే నిలబడతాను, నడుస్తాను, బస్సు ఎక్కుతాను. విప్పితే చేతుల మీద పాకాలి. గల్లీలో ఎవరో ఒకరు నన్ను చూసి, "పాపం, పిల్లకు పానం బాగలేదు" అనేవారు. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అవ్వ, నాయిన తల్లి. ఆమెకు ఆ మాట చెవిన పడితే చేతిలో పని వదిలేసి బయటికి వచ్చేది.

"దాని పానం మంచిగనే ఉంది. కాలే గట్ల ఉంది. కాలు వేరు, పానం వేరు" అనేది. నాతో, "ఎవలన్న అడిగితే గిదే చెప్పు. గంతకన్న ఎక్కువ చెప్పకు" అనేది. నేను ముప్పై ఏళ్లుగా అదే చెబుతున్నాను.

మా నాయిన నేత పని చేసేవాడు. గుంట మగ్గంలో కూర్చుని చేతులతో నూలు నడిపే నాడె ఆడించాలి, గుంటలో రెండు కాళ్లతో చెక్కలు తొక్కాలి. నా కాలు తొక్కలేదు కనుక నేను మగ్గం ఎక్కలేదు. కానీ మగ్గం పక్కన కూర్చునే పెరిగాను. చీర అంచు చేత్తో తడిమి అది మగ్గం మీద నేసిందో, మరలో వచ్చిందో కళ్లు మూసుకుని చెబుతాను. ఈ విద్య చూసే పెద్ద సేటు తెలంగాణ వచ్చిన ఏడాది నన్ను పనిలో పెట్టుకున్నాడు. "నువ్వు చెప్తె గిరాకీ నమ్ముతది బిడ్డా" అన్నాడు.

మొదటి రోజే చిక్కు వచ్చింది. చీరల దుకాణంలో గద్దె ఉంటుంది. మోకాలెత్తు అరుగు, దాని మీద పరుపులు, పరుపుల మీద తెల్ల దుప్పటి. అక్కడే చీరలు పరుస్తారు. చెప్పులు కిందే విడవాలి. నేను క్యాలిపర్ విప్పి కింద పెట్టి గద్దె ఎక్కాను. కూర్చుని చూపించడం వరకు బాగానే ఉంది. కానీ గిరాకీ ఒక చీర అడిగితే లేచి వెనక బీరువాలోంచి తీయాలి. లేవలేక దుప్పటి మీద చేతులతో జరుగుతూ పోయి కింది అరలోంచి మాత్రం తీశాను. వచ్చిన ఆడవాళ్లు చీరలు మానేసి నన్నే చూశారు. సాయంత్రం పెద్ద సేటు పిలిచి తల గోక్కుంటూ అన్నాడు: "బూటుతోని ఎక్కుమందామంటే అది లక్ష్మి కూసునే జాగ బిడ్డా. ఏం జేద్దామో నువ్వే చెప్పు."

ఇంటికి వచ్చి ఏడ్చాను. అవ్వ అంతా విని, నాయిన పాత తెల్ల ధోతి తీసి కత్తిరించి, బూటు కొలతకు ఒక సంచి కుట్టింది. మూతికి నాడా. "దిండుకు గలేబు ఉండదా? గిది బూటుకు గలేబు" అంది. గద్దె దగ్గరికి వచ్చాక బూటుకు అది తొడిగి నాడా బిగిస్తే, దుమ్ము దుప్పటికి అంటదు. పెద్ద సేటు దాన్ని ఒకసారి ముట్టుకుని చూసి, "ఇగ ఎక్కు" అన్నాడు. అంతే. ఏ చట్టం చదవని ఇద్దరు ముసలివాళ్లు ఒక్క రోజులో తేల్చేశారు. అవ్వ వారానికి సరిపడా ఏడు గలేబులు కుట్టిపెట్టింది. ఆదివారం ఉతికి ఆరేసేది. నేను తొమ్మిదేళ్లు ఆ గద్దె మీద చీరలు చూపించాను.

కరోనా తగ్గాక పెద్ద సేటు కన్నుమూశాడు. చిన్న సేటు, అంటే ఆయన కొడుకు, దుకాణాన్ని అద్దాలతో, లైట్లతో కొత్తగా చేయించాడు. గద్దె మాత్రం ఉంచాడు, పెళ్లి బేరాలకు అదే కళ అని. చెడ్డవాడని చెప్పను. ఎన్నడూ ఒక మాట తూలలేదు, ఎప్పుడూ "అక్కా" అనే పిలిచాడు. ఆ మర్యాదే నా కొంప ముంచింది. తిట్టి ఉంటే నేనూ తిరగబడేదాన్ని.

ఒక పెళ్లివాళ్లు వచ్చారు. పెళ్లికూతురి పిన్ని ఫోన్లో వీడియో తీస్తోంది. నేను అంచు చీర విప్పుతుంటే ఆమె ఫోన్ దించి నా కాలు చూసింది. "అయ్యో, ఏమైంది? పుండా? ఇంత పెద్ద కట్టు కట్టిండ్రు" అంది. తెల్లటి గలేబు ఆమెకు దవాఖాన కట్టులా కనబడింది. నేను నవ్వి, "కట్టు కాదమ్మా, బూటుకు తొడుగు. కాలే ఇట్ల ఉంది, పానం మంచిగనే ఉంది" అన్నాను. ఆమె నవ్వలేదు. పెళ్లికూతుర్ని కాస్త దూరం జరిపింది.

మర్నాడు చిన్న సేటు పిలిచాడు.

"అక్కా, నిన్నేం అంటలేను. శుభమా అని పెండ్లి చీరలకు వస్తరు. రాంగనే కట్టు కనవడితె వాళ్ల మనసుల ఎట్లనో అయితది. కొన్ని దినాలు నువ్వు మీద గోదాంల పార్సిళ్లు కట్టు."

"కట్టు కాదు, గలేబు. మీ బాపుకు ఎరుకనే" అన్నాను.

"నాకెరుకనే అక్కా. గిరాకీకి ఎరుక లేదు గద."

గోదాం పైన ఉంది. పద్దెనిమిది మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఒక్కో మెట్టు మీద కూర్చుని, చేతులు ఆనించి పై మెట్టుకు జరుగుతూ ఎక్కేదాన్ని. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా దిగేదాన్ని కాదు, నీళ్లు తాగడం కూడా తగ్గించాను. కింద చీరల మాటలు వినబడుతుండేవి. మర చీరను మగ్గం చీరని చెప్పి చూపిస్తుంటే విని పళ్లు కొరుక్కునేదాన్ని. రెండు నెలలు చూశాను. శ్రావణం వచ్చింది, బేరాలు పెరిగాయి. కిందికి దిగి, "నన్ను గద్దె మీద కూర్చోనీ" అని అడిగాను. చిన్న సేటు చాలా దయగా చూశాడు.

"నీకు మెట్లు కష్టమైతున్నయి అక్కా, నేను చూస్తలేనా? కొన్ని దినాలు ఇంటికాడ ఉండు. ఒక లెటర్ రాసిపెట్టు, మామూలుదే."

"ఎన్ని దినాలని రాయాలె?"

"దినాలెందుకు? నీకెప్పుడు మంచిగనిపిస్తె అప్పుడు రా."

నేను రాశాను. అలవాటైన చేయి, అలవాటైన కాగితం. "ఆరోగ్యం బాగుండనందున పనికి రాలేకపోతున్నాను. దయతో అనుమతించగలరు." కింద సంతకం. పదకొండు మందికి దినాలు లెక్కగా రాసిచ్చిన నేను నా కాగితంలో దినాలు రాయలేదు. నాకు అందులో సెలవు కనబడింది. ఇంటికి వచ్చి గలేబులు ఏడూ ఉతికి ఆరేశాను.

పదిహేను రోజుల తర్వాత పోతే గద్దె మీద నా చోట్లో కొత్త అమ్మాయి ఉంది. చక్కగా జడ వేసుకుని, పట్టు చీరను అంచు పట్టుకుని ఈడ్చి చూపిస్తోంది. చిన్న సేటు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, మెల్లగా అన్నాడు: "నువ్వే పనికి రాలేనని రాసిచ్చినవ్ గద అక్కా. పానం బాగలేదని నీ చేతనే రాసినవ్. నేను తీసెయ్యలేదు."

ఆ చాయ్ తాగకుండా లేచాను. అవమానం కంటే ఎక్కువగా నా మీద నాకే కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు గల్లీ గల్లీలో కాదని చెప్పిన మాటను, నా అందమైన చేతిరాతతో నేనే రాసిచ్చాను. అవ్వ బతికి ఉంటే ఆ కాగితం చూసి ఏమనేదో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

షాపు అరుగు మీద కుట్టు మిషన్ పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుట్టే చాచా ఒకాయన ఉండేవాడు. నేను బయటికి రావడం చూసి మిషన్ ఆపాడు. విషయం విని, "మహబూబ్‌నగర్‌ల లేబర్ ఆఫీసుంది బిడ్డా. ఫికర్ చెయ్యకు, నేను తోలుకపోత" అన్నాడు. తర్వాత తల వంచుకుని, "తోడు వస్త. సాక్ష్యం మాత్రం చెప్పుమనకు. నా మిషిన్ వాళ్ల అరుగు మీదనే ఉంది" అన్నాడు. ఆ మాటకు ముందు నొచ్చుకున్నాను. బస్సులో నా పక్కన కూర్చుని కిటికీ చలిగాలి నాకు తగలకుండా తన తువ్వాలు అడ్డం పెట్టాక, ఆయన మీద కోపం నిలవలేదు.

లేబర్ ఆఫీసులో అధికారి నడివయసు మనిషి. ఫిర్యాదు తీసుకుని రెండు సంగతులు చెప్పాడు. దుకాణాల చట్టం ప్రకారం ఆరు నెలలకు మించి చేసిన మనిషిని సరైన కారణం లేకుండా, నెల ముందు నోటీసు లేకుండా తీసేయడానికి లేదట. వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం కాలు బాగాలేదనో, కన్ను బాగాలేదనో మనిషిని పనిలో వేరుగా చూడకూడదట. పని చేసుకోవడానికి కావలసిన చిన్న చిన్న సౌకర్యాలు కల్పించాలట.

"గలేబు అసొంటివా సార్?" అని అడిగాను.

గలేబు సంగతి అంతా విని, "గలేబు అసొంటివే" అన్నాడు. తర్వాత కళ్లద్దాలు తీసి పెట్టి, "కానీ అమ్మా, రెండు చట్టాలకూ నీ కాయితమే అడ్డమొస్తది. తీసేసిండ్రని నువ్వంటున్నవ్. మానేసిన్నని నీ కాయితం అంటది" అన్నాడు.

విచారణ రోజున చిన్న సేటు వకీలుతో వచ్చాడు. చేతిలో షాపు ఫైలు. అందులో నా పేరు మీద ఉన్న కాగితాలు మూడు తీసి బల్ల మీద వరసగా పెట్టారు. ఒకటి ఈ చివరి లెటరు. మిగతా రెండూ పాత సెలవు చీటీలు. మూడింటిలోనూ ఒకే మాట. వకీలు అన్నాడు: "చూడండి సార్, ఈమెకు మొదటి నుంచీ ఆరోగ్యం సరిగా లేదు. తానే రాసుకుంది. మా వాళ్లు ఇన్నేళ్లు దయతో నెట్టుకొచ్చారు."

దయతో.

అధికారి మొదటి చీటీ నా వైపు తిప్పాడు. "గీ ఒక్క రోజు జ్వరం ఏందమ్మా?"

"సదరం క్యాంపుకు పోయిన సార్. కాలు వంకరనే ఉందని డాక్టర్లు సర్టిఫికెట్ ఇస్తరు గద, దాని కోసం."

"దానికి ఆరోగ్యం బాగలేదని ఎందుకు రాసినవ్?"

"అందరికీ గట్లనే రాస్త సార్. మా షాపుల చుట్టాల పెండ్లికి ఎవ్వలు పోలే. అందరికీ జ్వరాలే."

ఆయనకు నవ్వొచ్చింది, దాచుకోలేదు. వకీలు మాత్రం నవ్వలేదు. "అందరూ అట్లా రాస్తారనడానికి రుజువేదీ?" అన్నాడు. రుజువు అతని చేతిలోని ఫైలంతా ఉంది. పదకొండు మంది జ్వరాలు, అన్నీ నా రాతే. వాటిని తీయమంటే నా మాట నిలబడుతుంది. కానీ ఆ పదకొండు మంది అబద్ధాలు యజమాని ముందు బయటపడతాయి. నన్ను అక్కా అని నమ్మి రాయించుకున్నవాళ్లు. నోటిదాకా వచ్చిన మాట మింగాను.

అధికారి రెండో చీటీ తీశాడు. మూడు దినముల సెలవు. ఆ ఫైల్లో ఆ కాగితం ఉంటుందని నాకు గుర్తే లేదు. కాదు, ఉంది. మరిచిపోయాననుకున్నాను.

అది మా అవ్వ పోయిన రోజు రాసింది.

పెళ్లిళ్ల కాలం. ఇంట్లో చావు జరిగిందంటే పది రోజులు మైల. మైలలో ఉన్న మనిషిని పెళ్లి చీరలు ముట్టనివ్వరు; పెద్ద సేటు కూడా రానిచ్చేవాడు కాదు. పది రోజులు నేను లేకపోతే గద్దె మీద ఇంకొకరిని కూర్చోబెడతారు. ఆ కూర్చున్న మనిషికి రెండు కాళ్లూ ఉంటాయి. ఒకసారి దిగితే నన్ను మళ్లీ ఎక్కనివ్వరేమోనన్న భయం నాకు ఆ తొమ్మిదేళ్లలో ఒక్క రోజూ పోలేదు. అందుకే అవ్వ శవం ఇంట్లో ఉండగా పక్కింటి గడప మీద కూర్చుని, నాకు ఆరోగ్యం బాగుండలేదని రాసి పంపాను. నాలుగో రోజు పొద్దున అవ్వ కుట్టిన గలేబు తొడుక్కుని గద్దె ఎక్కాను. ఎవరో అడిగితే, జ్వరం తగ్గిందన్నాను. నాయిన నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు.

ఇదంతా ఆ బల్ల ముందు చెప్పాను. ఏడవకుండా చెప్పాలనుకున్నాను, కుదరలేదు. "మున్సిపాలిటీల అవ్వ మరణం సర్టిఫికెట్ ఉంది సార్. తారీకు చూడుండ్రి. నాకు జ్వరం రాలే. మా అవ్వ సచ్చిపోయింది" అన్నాను.

తర్వాత చిన్న సేటు మెల్లగా అడిగాడు: "మైలల పెండ్లి చీరలు ముట్టినవా అక్కా?"

ఆ రోజు అతను నన్ను అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. అవ్వ పోయిందని అప్పటిదాకా అతనికి తెలియదు, తెలిశాక అడిగింది అది.

"ఆ సంగతి ఇక్కడిది కాదు" అన్నాడు అధికారి, రాసుకుంటూనే.

తర్వాత రెండు వాయిదాలు నడిచాయి. నేను మరణ ధ్రువపత్రం, సదరం కాగితం తెచ్చి పెట్టాను. "ఆరోగ్యం బాగుండనందున" అన్నది మా షాపులో వాడుక మాటే తప్ప రాజీనామా కాదని, నన్ను తీసేసినట్టే లెక్క అని, పాత పనిలోకే తిరిగి తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. పాత పని అంటే గద్దె మీద అని విడిగా రాయించాడు ఆ అధికారి. గెలిచాననే అందరూ అన్నారు. చాచా తన మిషన్ దగ్గర బూందీ పంచాడు, చిన్న సేటు లోపల ఉన్నప్పుడు చూసి.

కానీ ఇప్పటికీ పెళ్లి బేరం వస్తే చిన్న సేటు కొత్త అమ్మాయినే పిలుస్తాడు. నాకు రోజువారీ చీరలు. గద్దె మీద నేను కూర్చునే మూల దుప్పటిని సాయంత్రం వేరుగా తీసి ఉతకడానికి వేస్తారు. అది ఏ ఉత్తర్వుకూ అందని సంగతి. మండిన రోజు మండుతుంది, లేనిరోజు నా పని నేను చేసుకుంటాను.

చేరిన రోజు సంగతి చెప్పి ఆపుతాను. గలేబు నాడా బిగించి గద్దె ఎక్కబోతుంటే చిన్న సేటు తెల్ల కాగితం, పెన్ను తెచ్చి ముందు పెట్టాడు.

"జాయినింగ్ లెటర్ రాసియ్యి అక్కా. మామూలుదే. ఆరోగ్యం బాగుపడినందున తిరిగి పనిలో చేరుతున్నానని."

షాపులో అందరూ చేతుల్లో పని ఆపారు. జ్వరాలు రాయించుకున్న పదకొండు మందీ అక్కడే ఉన్నారు. నేను గద్దె అంచున కూర్చుని, బడిలో నేర్పినట్టే గుండ్రంగా, తొందర లేకుండా రాశాను. "నా ఆరోగ్యం ఎల్లప్పుడూ బాగానే ఉన్నది. నా కాలు ఎప్పటివలెనే ఉన్నది. ఈ దినము పనిలో చేరుచున్నాను."

అతను చదివాడు. ఆ షాపులో ఒక చీటీని సంతకం దాకా చదవడం నేను చూసింది అదే మొదటిసారి.

"గిట్ల రాస్తె ఎట్ల అక్కా?"

"గిట్లనే ఉంది గద" అన్నాను.

అతను కాగితాన్ని ఫైల్లో పెట్టుకున్నాడు. అందులో మా అవ్వ చావు ఇప్పటికీ నా జ్వరంగానే ఉంది. నా చేత్తో రాసిన కాగితాల్లో రోగం లేనిది ఈ కొత్త కాగితం ఒక్కటే.